దేహములోని బాటలు – బరువు మోయు మాంసకృత్తులు

(వాడరేవు గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వాడ యనగా ఓడ. వాడరేవనగా ఓడలు వచ్చి నిలుచు చోటు. ఈ ఊరి పేరులోనే ఈ ఊరి వృత్తి యున్నది. తెల్లవారుజామున పడవలు ఒడ్డు చేరును. వలల నుండి చేపలను దులిపి బుట్టల కెత్తుదురు. ఇసుక మీదుగా మోసికొని పోయి, మంచు వేసి, బండ్ల కెక్కించి చీరాలకును ఆవలి ఊళ్లకును పంపుదురు. సముద్రములో ఎంత చేప పడినను, దానిని బజారునకు చేర్చు బాటయు, ఆ బాట మీద బరువు మోయు మనుష్యులును లేనిచో అది ఇసుక మీదనే చెడిపోవును. ఈ సంగతి వాడరేవు వారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

మనుష్యదేహములోని ప్రతి కణమునందును ఇటువంటి బాటలున్నవి, ఇటువంటి కూలీలున్నారు. ఆ కూలీలు మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. వారి నడకను గూర్చినదే నేటి ప్రసంగము. ఇది కేవలము వినోదము కొరకు చెప్పుకొను విషయము కాదు. కుక్క కాటునకు గురియైన వాని ప్రాణమును, రక్తపు క్యాన్సరు సోకిన పసివాని చికిత్సయు ఈ బాటలతో ముడిపడి యున్నవి.

మొట్టమొదట దూరము సంగతి చూడవలెను. కాలి చిటికెన వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నదని తెలుపు నాడీకణము యొక్క ప్రధానభాగము పాదములో లేదు. అది నడుము దగ్గర, వెన్నుపాము ప్రక్కనున్న చిన్న ముడిలో ఉన్నది. అచ్చటి నుండి కాలి వ్రేలి కొన వరకు ఒకే కణపు తంతువు సాగును. ఎదిగిన మనిషిలో దాని పొడవు సుమారు ఒక మీటరు. మందము మిల్లీమీటరులో నూరవ వంతు. దీనిని వేయి రెట్లు పెంచి చూచినచో, తంతువు వ్రేలెడు లావు గల పడవ తాడంత యగును. ఆ తాడు పొడవు ఒక కిలోమీటరు. దాని మొదట నున్న కణదేహము బత్తాయి పండంత. కిలోమీటరు తాడునకు కావలసిన సరుకులో చాల భాగము ఆ బత్తాయి పండులోనే తయారు కావలెను. తయారైన సరుకు తాడు చివరకు చేరవలెను. చేరనిచో చివర ఎండును.

నీటిలో వేసిన సిరాచుక్క వలె సరుకు తనంత తానే వ్యాపించి చివరకు చేరరాదా యని అడుగవచ్చును. చిన్న దూరములకు అది చాలును. ఒక మధ్యరకపు మాంసకృత్తు మిల్లీమీటరులో నూరవ వంతు దూరమును ఇట్లు ఐదారు సెకండ్లలో దాటగలదు. కాని వ్యాపనమునకు ఒక చిక్కు కలదు. దూరము రెండింతలైన కాలము నాలుగింతలగును. దూరము పదింతలైన కాలము నూరింతలగును. మీటరు దూరము లక్ష రెట్లు గనుక కాలము వేయి కోట్ల రెట్లు. లెక్క వేసినచో సుమారు 1600 సంవత్సరములు తేలును. విష్ణుకుండినులు ఏలిన కాలమున నడుము వద్ద బయలుదేరిన పదార్థము ఇప్పటికి కాలి వ్రేలు చేరుచుండవలెను! కావున దానిని ఎవరో మోసికొని పోవలసినదే.

మోయుటకు బాట కావలెను. ఆ బాటలకు సూక్ష్మనాళికలని పేరు. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో వృక్షకణములను పరీక్షించిన లెడ్‌బెటరు, పోర్టరు అను అమెరికా శాస్త్రజ్ఞులు 1963లో ఈ పేరు ప్రచారమునకు తెచ్చిరి. సూక్ష్మనాళిక లోపల బోలుగా ఉండు గొట్టము. దాని వెడల్పు 25 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షల వంతు. తల వెంట్రుక మందమున ఇటువంటి గొట్టములు దాదాపు 3,000 ప్రక్కప్రక్కన ఇముడును. గొట్టపు గోడ ట్యూబ్యులిను అను మాంసకృత్తుతో కట్టినది. రెండేసి ట్యూబ్యులినులు జతగా చేరి 8 నానోమీటర్ల ఇటుక యగును. ఇటుకలు వరుసగా పేర్చబడి, సాధారణముగా పదమూడు వరుసలు గుండ్రముగా చేరి గొట్టమేర్పడును. ఇటుకలన్నియు ఒకే దిక్కునకు తిరిగి యుండుటచే బాటకు రెండు కొనలును ఒకటి కావు. ఒకదానిని ధనాగ్రమనియు రెండవదానిని ఋణాగ్రమనియు వాడుదురు. విద్యుత్తుతో ఈ పేర్లకు సంబంధము లేదు. కాలి తంతువులో ధనాగ్రములన్నియు పాదము వైపునకే యుండును. చీకటిలో నడచు కూలీకి ఏ వైపు ఊరో, ఏ వైపు సముద్రమో కాలి క్రింది నేలయే చెప్పునట్లున్నది ఈ ఏర్పాటు.

ఒక్కొక్క నాళిక మీటరు పొడవున సాగునని తలపరాదు. కొబ్బరి పీచు పోగులు జానెడైనను, ఒకదాని ప్రక్క నొకటి చేర్చి పురి పెట్టినచో బారుల కొలది తాడగును గదా. నాడీతంతువులోని నాళికలును అట్లే చిన్న చిన్న తునుకలు. కూలీ ఒక తునుక నుండి మరియొక దానికి మారుచు పోవును.

ఇక కూలీ సంగతి. పెదగంజాము నుండి దక్షిణముగా చెన్నపట్టణము వైపు సాగు బకింగుహాము కాలువలో సరుకు పడవలు నడచిన దినములలో, గాలి అనుకూలింపనప్పుడు పడవవారు గట్టు మీదికి దిగి, తాడు భుజమునకు వేసికొని, అడుగు వెంట అడుగు వేయుచు పడవను లాగెడివారు. మనిషి చిన్న, పడవ పెద్ద, నడుమ పొడవైన తాడు. కైనెసిను అను మాంసకృత్తును చూచినవారికి ఆ దృశ్యమే జ్ఞప్తికి వచ్చును. దానికి రెండు పాదములున్నవి. (శాస్త్రజ్ఞులు ఈ పాదములనే తలలని పిలుచుట ఒక వింత.) పాదముల నుండి తాడు వలె పెనవేసికొన్న పొడవైన కాడ బయలుదేరును, కాడ చివర సరుకు మూట తగులుకొని యుండును. మూట కూలీ కంటె ఎన్నో రెట్లు పెద్దది.

ఒక పాదము బాటను పట్టుకొని యుండగా వెనుక పాదము ముందునకు వచ్చును. మూట ఒక్కొక్క అడుగునకు 8 నానోమీటర్లు, అనగా సరిగా ఒక ఇటుక దూరము జరుగును. లేసరు కాంతితో సూక్ష్మపు పూసను పట్టి, కైనెసిను దానిని లాగునప్పుడు ఈ అడుగులను ఒక్కొక్కటిగా కొలిచినది 1993లో. పాదము మార్చి పాదము వేయుచు మనిషి వలెనే నడచునని 2003, 2004 సంవత్సరముల ప్రయోగములలో రూఢి యైనది. సెకండునకు సుమారు నూరు అడుగులు! మనిషి తన అడుగుతో అదే లెక్కన నడచినచో గంటకు 270 కిలోమీటర్లు పోవును. అయితే ఒక్క కైనెసిను నూరడుగులో, కొంచెము హెచ్చో వేసి బాట విడిచిపోవును. అందుచే మూట నొక్కటే మోయక పలువురు చేరి మోయుదురు. ఒకడు పట్టు విడిచినను మరియొకడు పట్టుకొని యుండును. కణములోపల, దేహపు వెచ్చదనమున, ఈ రవాణా రోజునకు 40 సెంటీమీటర్ల వరకు సాగుట కొలిచి యున్నారు. అనగా నడుము దగ్గర బయలుదేరిన సరుకు రెండు మూడు దినములలో కాలి వ్రేలు చేరును. పదునారు వందల యేండ్లెక్కడ, మూడు దినములెక్కడ!

కాలువ గట్టు ఉపమానము ఇంత వరకే చెల్లును. గట్టు మీది మనిషికి నేల స్థిరము, గాలి పలుచన. నడువవలెనను సంకల్పము అతనికి కలదు. కైనెసినునకు సంకల్పము లేదు. పైగా అది నిలిచి యున్న చోటు ఎడతెగని తుపాను వంటిది. చుట్టునున్న నీటి అణువులు ప్రతి క్షణమును అన్ని ప్రక్కల నుండియు దానిని కొట్టుచుండును. ఆ తాకిడికి ఎత్తిన పాదము గాలిపటము వలె ఊగిసలాడును. ఇచ్చటనే యున్నది దీని చాతుర్యము. ముందు పాదమునకు ఇంధనపు అణువొకటి వచ్చి తగులగానే, రెండు పాదములను కలుపు మెడ వంటి భాగము ముందునకు వాలి అంటుకొనును. వెనుక పాదము ముందు వైపునకు నెట్టబడును. అచ్చట తుపానే దానిని అటునిటు విసరి తదుపరి ఇటుక మీద పడవేయును. అది ఇటుకను పట్టుకొనిన పిమ్మట వెనుకబడిన పాదములోని ఇంధనము విరిగి పట్టు సడలును. తుపాను ఊపు నిచ్చును. ఇంధనము వెనుకకు పోనీయదు.

ఆ ఇంధనము పేరు ఎడినొసిను ట్రైఫాస్ఫేటు, వాడుకలో ఏ.టి.పి. ఒక అడుగునకు ఒక అణువు ఖర్చు. మనిషి రోజు మొత్తము మీద తయారుచేసి ఖర్చుచేయు ఏ.టి.పి. సుమారు అతని బరువంత యుండునని లెక్క. విరిగినదే మరల మరల కట్టబడుచుండుటచే దేహములో ఏ క్షణమున చూచినను ఉండునది అందులో కొద్ది భాగమే.

ఈ పదార్థము పేరు ఎత్తిన చోట తెలుగువారు ఒక పేరు తలచుకొనవలసి యున్నది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. రాజమహేంద్రవరమునను చెన్నపట్టణమునను చదువుకొనెను. ఇద్దరు సోదరులను సంగ్రహణి వ్యాధి కొద్ది దినముల ఎడములో హరించినది. చెన్నపట్టణపు వైద్య కళాశాలలో చదువు ముగించి, కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ తోడ్పాటుతోను బోస్టను చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కి యను ఆచార్యునితో కలిసి, రక్తమున, మూత్రమున భాస్వరము కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వారి యిరువురి పేరనే నడచుచున్నది. కొలుచు సాధనము చేతికి వచ్చిన పిమ్మట, కండరములో ఇంతకు మున్నెవ్వరును గుర్తింపని భాస్వరపు పదార్థములు బయటపడినవి: 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఏ.టి.పి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమను కూడ ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. సుబ్బారావు వెదకినది కండరము బిగియుటకు మూలమేమి యని. కణములోపల కూలీలు నడచుచున్నారను ఊహ ఆనాడు ఎవరికిని లేదు. ఆయన 1948లో న్యూయార్కులో మరణించెను.

కూలీ దొరకినది మరి ముప్పదియేడు సంవత్సరములకు, అదే మసాచుసెట్సు రాష్ట్రములో, బోస్టనునకు దక్షిణముననున్న వుడ్సుహోలు అను సముద్రతీర గ్రామములో. ఆ గ్రామములోను రేవున్నది; పడవలున్నవి. అచ్చటి సముద్రజీవ పరిశోధనాలయమునకు వేసవిలో శాస్త్రజ్ఞులు వచ్చుట స్క్విడ్డు కొరకు. మెత్తని దేహము, ఎనిమిది చేతులు, వానికి తోడు రెండు పొడవైన టెంటకిళ్లు గల ఈ జీవి యొక్క బంధుజాతులు వాడరేవు వలలలోను పడుచుండును; ఎగుమతి వర్తకులు కొనుచుందురు. స్క్విడ్డు భయపడినప్పుడు దేహములోని నీటిని ఒక్కసారిగా చిమ్మి వెనుకకు దూసికొనిపోవును. ఆ ఆజ్ఞను వేగముగా మోసికొని పోవుటకై దానికి కంటికి కనిపించునంత లావు గల నాడీతంతువు ఉన్నది. ఒక్కొక్కప్పుడు మిల్లీమీటరు దాక ఉండును. జె. జెడ్. యంగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1936లో దాని ప్రాముఖ్యమును చాటిన నాటి నుండి నాడీశాస్త్రమునకు అది కామధేనువైనది.

ఆ తంతువును కోసి, గొట్టము నుండి లేపనము పిండినట్లు లోపలి జిగురును గాజుపలక మీదికి పిండి, వీడియో కెమెరా తగిల్చిన సూక్ష్మదర్శినిలో చూచిరి. కణపు పైపొర లేదు, ప్రాణి లేదు, ఏ.టి.పి. అందించుచున్నంత సేపు మూటలు మాత్రము బాటల వెంట గంటల తరబడి పోవుచునే యున్నవి! బ్రేడీ, లాసెకు, ఆలెను అను వారు 1982లో దీనిని ప్రకటించిరి. నడిపించునది ఏది? దానిని పట్టుటకు ఒక ఉపాయము దొరకినది. ఏ.టి.పి. వలెనే కనిపించి, విరుగుట మాత్రము తెలియని నకిలీ పదార్థము నిచ్చినచో కూలీ పాదము బాటను పట్టుకొని మరి విడువదు. మూటలన్నియు నిలిచిన చోటనే నిలిచిపోయినవి. ఆ విధముగా బాట నంటుకొన్న మాంసకృత్తును విడదీసి, శుద్ధిచేసి, 1985లో రొనాల్డు వేలు, థామసు రీసు, మైకేలు షీట్జు ప్రకటించి, చలనమను అర్థముగల గ్రీకు మాటతో దానికి కైనెసిను అని పేరు పెట్టిరి. ఇంధనమును కనుగొన్న చోటునకును, దానిని ఖర్చుచేయు కూలీని కనుగొన్న చోటునకును దూరము సుమారు నూరు కిలోమీటర్లు.

పోవుటయే గాక రాకపోకలలో రాకయు కలదు. కైనెసినులలో పెక్కు ధనాగ్రము వైపే, అనగా పాదము వైపే నడచును. ఖర్చైపోయిన సరుకును, పాదము చెప్పు కబురులను వెన్నుపాము వైపునకు తెచ్చునది వేరొక మాంసకృత్తు, డైనీను. దీనిని మొట్టమొదట ఇయాన్ గిబ్బన్సు 1960ల మొదటి భాగమున ఒక చిన్న జలజీవి దేహముపై ఆడు కేశముల వంటి భాగములలో కనుగొనెను. కణములోపల మూటలు మోయునది 1987లో స్పష్టమైనది. కైనెసిను కంటె ఇది చాల పెద్దది, నడక కొంత తూలుడు.

కూలీ మూట విప్పి చూడడు. ఇందులో అపాయమున్నది. పిచ్చికుక్క కరచినప్పుడు దాని చొంగతో పాటు రేబీసు వైరసు గాయములో ప్రవేశించును. కండరము చేరి, నాడీతంతువు కొసలో దూరి, డైనీను మోయు మూటలలో చేరును. అటు తరువాత రోజునకు ఒకటి మొదలు పది సెంటీమీటర్ల వరకు మెదడు వైపు ప్రయాణించునని అంచనా. పాదమున కరచిన దానికంటె ముఖమున కరచినది త్వరగా ప్రాణము తీయుటకు ఒక ముఖ్యకారణము ఈ బాట పొడవే. వైరసు నాడిలో ప్రవేశించువరకే రక్తములోని రక్షకపదార్థములు దానిని పట్టగలవు. బాట నెక్కి మెదడు చేరి, నీటిని చూచి భయపడు లక్షణము కనబడిన పిమ్మట ఏ వైద్యుడును దాదాపు ఎవ్వరిని బ్రతికింపలేడు.

గుంటూరు సీమలో కారమునకు కొదువ లేదు. కుక్క కరచిన గాయమునకు కారము కూరుట అందుచేతనే కాబోలు అలవాటైనది. సున్నము, పసుపు, ఆకు పసరులును వాడుచున్నారు. ఇవి వైరసు బాట నెక్కుటను ఆపవు. పుండును రేపి మేలు కంటె కీడే చేయును. గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను పావుగంట సేపు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. టీకాతో పాటు, గాయము లోతైనచో, గాయపు చుట్టు వేయు రక్షకద్రవ్యమును కూడ అడుగవలెను. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులను భయము ఇంకను కొందరిని వెనుకకు లాగుచున్నది. ఆ పాత టీకా తయారీని ఈ దేశమున 2004 చివర మానివేసిరి. ఇప్పటివి చేతికి వేయు నాలుగైదు సూదులు మాత్రమే. ఒక సూది వేయించుకొని నొప్పి లేదు గదా యని మిగిలినవి మానుకొనువారు, కూలీ మూట దింపివేసెనని తలచుచున్నారు కాబోలు; అతడు దింపలేదు.

చివరకు ఈ ఊరి ఇసుకలోని మొక్క ఒకటి. బిళ్ళగన్నేరు ఎవరును నాటకయే తీరపు ఇసుకలో, గోడల ప్రక్కన, శ్మశానముల గట్ల మీద పూయును. దీని జన్మస్థానము మడగాస్కరు ద్వీపము. జమైకాలో దీని ఆకు కషాయము మధుమేహమునకు త్రాగుదురని విని, కెనడాలో రాబర్టు నోబులు, చార్లెసు బీరు దానిని పరీక్షించిరి. ఎలుకలలో చక్కెర తగ్గలేదు. రక్తములోని తెల్లకణములు తగ్గిపోయినవి. ఆ దారి పట్టి 1958లో విన్‌బ్లాస్టిను ప్రకటింపబడినది. పిమ్మట అదే మొక్క నుండి విన్‌క్రిస్టిను వచ్చినది. ఈ రెండును ట్యూబ్యులిను ఇటుకలకు తగులుకొని బాట కట్టుబడిని చెరచును. కణము రెండుగా చీలునప్పుడు జన్యుద్రవ్యమును చెరి సగముగా లాగుకొని పోవునవి కూడ ఈ నాళికలే గనుక, బాట లేని క్యాన్సరు కణము చీలలేక చచ్చును. ఆకు వందల కిలోలు ఎండబెట్టినను వచ్చు మందు అత్యల్పము. ఆకు నమలుట విషము తినుటయే, చికిత్స కాదు.

పిల్లల రక్తపు క్యాన్సరునకు విన్‌క్రిస్టిను నేటికిని ముఖ్యమైన మందు. దానికి తోడుగా ఇచ్చు మెథోట్రెక్సేటు మరియొక వంశమునకు చెందినది. సుబ్బారావు నడిపించిన లెడర్లి పరిశోధనాలయమున ఫోలికామ్లముపై జరిగిన కృషి నుండి పుట్టిన అమినోప్టెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బరు 1947లో పిల్లలకిచ్చి, కొంతకాలమైనను ఆ వ్యాధి వెనుకడుగు వేయుట చూపెను. మెథోట్రెక్సేటు దాని సోదరి. భీమవరపు బిడ్డని పరిశోధనాలయములో మొదలైన మందును, వాడరేవు ఇసుకలో పూయు మొక్క మందును నేడు ఒకే పిల్లవాని చికిత్సలో చేరుచున్నవి.

అయితే విన్‌క్రిస్టిను మంచి బాటకును చెడ్డ బాటకును భేదమెరుగదు. నాడీతంతువులోని నాళికలు కూడ దెబ్బ తినును. మందు పుచ్చుకొను పిల్లలకు మొదట తిమ్మిరి కనిపించునది కాలి వ్రేళ్లలో, పిదప చేతి వ్రేళ్లలో. సరుకు మోయవలసిన దూరము ఎచ్చట హెచ్చో అచ్చటనే లోటు ముందుగా తెలియును. తరువాత పాదము ముందు భాగము ఎత్తుట కష్టమగును. మందు తగ్గించినను, ఆపినను కొన్ని మాసములలో చాలమందికి తేరుకొనును. అందుచే వైద్యుడు ప్రతి సూదికి ముందు పిల్లవానిని మంచము దిగుమని, గది ఈ మూల నుండి ఆ మూలకు మడమల మీద నడచి చూపుమని అడుగును.